మూర్తికీ పీఠానికీ మధ్య

2018 ఆగస్టులో తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరిగింది. 11న అంకురార్పణ, 12 నుంచి 16 దాకా వైదిక కార్యక్రమాలు. అంతకు ముందుది 2006లో. పన్నెండేళ్లకోసారి జరగాలన్నది అక్కడి కట్టుబాటు. ఆ ఏడాది జులైలో రేగిన రచ్చంతా దర్శనం గురించే. ఆ రోజుల్లో దర్శనం పూర్తిగా ఆపాలని మొదట నిర్ణయించారు, విమర్శలు చెలరేగాక పరిమిత సంఖ్యలో భక్తులను అనుమతించారు. టీవీ చర్చల్లో ఎందుకు ఆపుతున్నారు, ఎన్నాళ్లు ఆపుతున్నారు, లోపల ఏం చేస్తారు అని గంటల తరబడి వాదించుకున్నారు. ఇంత తతంగానికీ కారణమైన ఆ ముద్దను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మూర్తి పాదాలకూ కింది పద్మపీఠానికీ మధ్య సందులో కూరే జిగురు అది, పేరు అష్టబంధనం. పన్నెండేళ్లలో దాని పట్టు సడలుతుందని సంప్రదాయమే ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు ఈ కాలపు మనిషికి తట్టే ప్రశ్న ఒకటుంది. రాయిని రాయికి ఒకసారి అతికిస్తే రాయి పగలాలే తప్ప అతుకు ఊడని ఎపాక్సీ జిగురు తిరుపతిలో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా దొరుకుతుంది. దేవుణ్ణి పీఠం మీద నిలిపే పనికి దాన్ని ఎందుకు వాడకూడదు? పైకి ఇది వస్తువుల ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, దేవుడికీ రాయికీ ఉన్న సంబంధం ఎలాంటిదని అడగకుండా దీనికి జవాబు దొరకదు.

ముందు అష్టబంధనం సంగతి. ఎనిమిది ద్రవ్యాల పట్టిక అన్నిచోట్లా ఒకటి కాదు, ఆగమాన్ని బట్టీ ప్రాంతాన్ని బట్టీ మారుతుంది. దక్షిణాదిలో ఎక్కువగా వినిపించేవి లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, జాతి ఇంగిలీకం, సున్నపురాయి పొడి, ఎర్రపత్తి, ఎనుము వెన్న. గట్టివాటిని విడివిడిగా పొడి చేసి, జల్లించి, కలిపి, రోట్లో వేసి దంచుతారు. మొదట్లో పొడి పొడిగా రాలిపోతూ ఉంటుంది. వెన్న చేరుస్తూ గంటల తరబడి దంచేకొద్దీ ఆ రాపిడికే వేడెక్కి, లక్కా మైనమూ మెత్తబడి, పత్తి పోగులు లోపల కలిసిపోయి, చివరికి సాగే ముద్దవుతుంది. దాన్ని చేతులతో తాడులా పేని పీఠం చుట్టూ సందులో ఒత్తుతారు. చల్లారాక బిగుస్తుంది. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, లక్క అంతకు కాస్త పైన. అంటే ఈ ముద్ద వేడికి లొంగుతుంది, చల్లారితే నిలుస్తుంది, మళ్లీ వేడి చేస్తే మళ్లీ లొంగుతుంది. పన్నెండేళ్లలో మైనమూ వెన్నా ఎండిపోయి, పెళుసెక్కి, బీటలిస్తుంది. అప్పుడు పాతది గీకి తీసేసి కొత్తది పెడతారు. రాతికి గాయం కాదు.

ఎపాక్సీ పుట్టుకే వేరు. 1930లు, 40లలో స్విట్జర్లాండ్‌లో పియరీ కస్తాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ విడివిడిగా దీని మీద పనిచేశారు. 1946లో సీబా కంపెనీ దీన్ని ఆరల్డైట్ పేరుతో బజారులోకి తెచ్చింది. మన ఇళ్లలో వాడే రెండు ట్యూబుల జిగురు ఈ కుటుంబానిదే. ఒకదాంట్లో రెసిన్, మరోదాంట్లో హార్డెనర్. రెంటినీ సరైన పాళ్లలో రేకు మీద కలిపితే కాసేపటికి ముద్ద గోరువెచ్చనవుతుంది. లోపల రసాయన చర్య జరుగుతోందనడానికి అదే గుర్తు. ఎక్కువ మోతాదులో ఒకే డబ్బాలో కలిపితే ఆ వేడి బయటికి పోలేక పొగలు కూడా వస్తాయి. చిన్న అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, అన్ని దిక్కులా అల్లుకుని, మొత్తం ముద్ద ఒకే అల్లికగా మారుతుంది. ఒకసారి అలా గట్టిపడిందాన్ని ఎంత వేడి చేసినా తిరిగి ద్రవం కాదు. ఒక హద్దు దాకా బిగువుగా ఉంటుంది, ఆ హద్దు దాటితే రబ్బరులా మెత్తబడుతుంది, ఇంకా కాలిస్తే మాడి విరిగిపోతుందే గానీ కరగదు.

ఆ మెత్తబడే హద్దులోనే అసలు కిటుకు ఉంది. ఎపాక్సీ ఎంత వేడిని ఓర్చుకోగలదన్నది అది ఏ వేడిలో గట్టిపడిందో దాని మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ సాధారణంగా 50, 60 డిగ్రీల దగ్గరే బిగువు కోల్పోతుంది. లోపలి అల్లిక బిగిసేకొద్దీ అణువులు కదలలేక చర్య దాదాపు ఆగిపోతుంది. అది మళ్లీ సాగాలంటే ఇంకా వేడి కావాలి. అందుకే విద్యుత్ పరికరాల్లో వాడే ఒక రకాన్ని 120 నుంచి 150 డిగ్రీల దగ్గర, విమానాల్లో కార్బన్ నారతో కలిపి వాడే రకాన్ని 180 డిగ్రీల దగ్గర కొలిమిలో పెట్టి గట్టిపరుస్తారు. ఇలా కాలినవి గది వేడిలో గట్టిపడినదాని కన్నా చాలా ఎక్కువ వేడిని తట్టుకోగలవు. కాలని కుండకూ కాలిన కుండకూ ఉన్న తేడా లాంటిదే ఇది. కుమ్మరి ఆవంలో పడని వేడిని కుండ పొయ్యి మీద పడలేదు.

ఈ లెక్కను తిరుపతి ఎండలోకి తెద్దాం. మేలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లటి కూల్ పెయింట్ వేసి, తివాచీలు పరచాల్సి వస్తోందంటే ఎండకు రాయి ఎంత కాగుతుందో ఊహించుకోవచ్చు. నల్లరాయి మీద మధ్యాహ్నపు వేడి, గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ మెత్తబడే హద్దుకు సరిగ్గా ఎదురొస్తుంది. తేమ పీల్చుకుంటే ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది, అభిషేకాలు జరిగేచోట తేమకు కొదవ లేదు. పైగా ఏమీ కలపని ఎపాక్సీ, వేడికి గ్రానైట్ కన్నా ఆరేడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. పగలూ రాత్రీ, వేసవీ చలికాలమూ ఈ పేచీ అతుకు దగ్గర నడుస్తూనే ఉంటుంది. పోనీ వేడి తట్టుకునే రకం వాడదామంటే దాన్ని 120 డిగ్రీల పైన కాల్చాలి. ప్రతిష్ఠించిన మూర్తిని ఏ కొలిమిలో పెడతాం? దీపాలతోనో హీటర్లతోనో అక్కడికక్కడే కాల్చబోతే రాయి ఒకచోట కాగి, మరోచోట చల్లగా ఉండి, పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి గుళ్లో వాడగలిగింది గది వేడిలో గట్టిపడే రకం ఒక్కటే. అదేమో దుకాణంవాడు చెప్పినంత శాశ్వతం కాదు. అయితే ఈ వాదన మీదే కథ ముగించడం నాకు ఇష్టం లేదు. గర్భగుడిలో ఎండ పడదు. అక్కడ ఎపాక్సీ అష్టబంధనం కన్నా ఎక్కువ కాలమే నిలవొచ్చు. రేపు ఇంకా మంచి జిగురూ రావొచ్చు. అలా వచ్చిన రోజు మన జవాబు మారిపోతుందా అన్నదే అసలు పరీక్ష.

మారదంటాను. కారణం చెప్పేముందు, నా పక్షాన ఉన్నవాళ్లే తెచ్చే ఒక వాదనను పక్కన పెట్టాలి. ఎపాక్సీ రసాయనం కనుక అపవిత్రమనీ, అష్టబంధనం ప్రకృతి సిద్ధం కనుక పవిత్రమనీ కొందరంటారు. ఇది నిలవదు. లక్క పురుగు విడిచిన జిగురు, మైనం తేనెటీగ ఒంట్లోంచి వచ్చింది, ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. వాటిని పవిత్రం చేసింది పుట్టుక కాదు, మంత్రమూ వినియోగమూ. అదే దారిలో ఎపాక్సీని సంస్కరించకూడదా అని ఎవరైనా అడిగితే రసాయనం అన్న మాటతో వాళ్ల నోరు మూయించలేం. మూలవిరాట్టు ఎప్పుడూ 110 డిగ్రీల ఫారన్‌హీట్ వేడితో ఉంటుందన్న ప్రచారం కరపత్రాల్లో, ఫోన్లలో తిరుగుతూంటుంది. అలాంటివాటినీ ఈ వాదనలోకి లాగడం నాకిష్టం లేదు. భక్తికి థర్మామీటరు సాక్ష్యం అక్కర్లేదు.

ఎదుటిపక్షం వేసే గట్టి ప్రశ్న వేరే ఉంది. పాతవాళ్లకు మంచి జిగురు తెలియక లక్కా మైనమూ వాడుకున్నారు, మీరిప్పుడు ఆ లేమికి తత్త్వం అంటగడుతున్నారు అంటారు. చాలా ఆచారాల విషయంలో ఈ మాట నిజమే. ఇక్కడ మాత్రం కాదు. మళ్లీ వెనక్కి రాని గట్టిదనం మన శిల్పులకు కొత్త కాదు. గానుగలో తిప్పిన డంగుసున్నం అలాంటిదే. కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి పూసిన ఆ గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని క్రమంగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. ఎంత తడిపినా, ఎండకు ఎంత కాగినా తిరిగి ముద్ద కాదు. గోపురాల ఇటుక అంతస్తులూ, వాటి మీది బొమ్మలూ వందల ఏళ్లు నిలిచింది దాంతోనే. సున్నంలో ఇంత నేర్పున్నవాళ్లు, గోపురానికి వాడిన సున్నాన్ని దేవుడి పాదాల కింద వాడలేదు. అక్కడికి వచ్చేసరికి వేడికి లొంగే ముద్దను తెచ్చుకున్నారు. బంగారంతో బిగించే స్వర్ణబంధనమూ సంప్రదాయంలో ఉంది, అది చాలా ఎక్కువ కాలం నిలుస్తుందని చెబుతారు. మెత్తటి లోహం కాబట్టి దాన్నీ నేర్పుగా తీయొచ్చు. ఇన్ని దారులు తెలిసి ఒకదాన్ని పట్టుకోవడాన్ని లేమి అనలేం, ఎంపిక అనాలి.

ఆ ఎంపికకు అర్థం బాలాలయంలో, అంటే మరమ్మతు రోజుల తాత్కాలిక ఆలయంలో, దొరుకుతుంది. సంప్రోక్షణకు ముందు కళాకర్షణ చేస్తారు. మూర్తిలోని దైవశక్తిని కుంభంలోకి ఆవాహన చేసి యాగశాలలో ఉంచుతారు. పూజలన్నీ ఆ రోజుల్లో అక్కడే. మరమ్మతు ముగిశాక తిరిగి మూర్తిలోకి ఆవాహన. అంటే దైవానికీ రాతికీ ఉన్న ముడి విప్పగలిగిందనీ, మళ్లీ వేయగలిగిందనీ ఆ క్రతువు ఒప్పుకుంటోంది. తర్కశాస్త్రం సంబంధాలను రెండుగా విడదీస్తుంది. విడిగా ఉన్న రెండు వస్తువులు కలిస్తే సంయోగం, అది విభాగంతో పోతుంది. దారాలకూ బట్టకూ, గుణానికీ ద్రవ్యానికీ మధ్య ఉండేది సమవాయం. రెంటిలో ఒకటి నశిస్తే తప్ప అది తెగదు. కుండ కాలడం గురించీ, అంటే పాకం గురించీ, ఆ శాస్త్రంలో పాత తగాదా ఉంది. ఆవంలో కుండ పరమాణువుల దాకా విడిపోయి, రంగు మారి, తిరిగి కుండగా కూడుతుందని వైశేషికులు, కుండ కుండగా ఉంటూనే మారుతుందని నైయాయికులు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో దీన్ని ప్రస్తావించాడు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థికి ఇది మొదటి మెట్ల మీదే తగులుతుంది. ఎపాక్సీ ఈ ఇద్దరికీ చెరి సగం మార్కులే వేస్తుంది. ముద్ద ఆకారం అలాగే ఉంటుంది, లోపలి బంధాల్లో కొన్ని తెగి కొత్తవి ఏర్పడతాయి, పరమాణువుల దాకా ఏదీ విడిపోదు. అయితే ఒక్క విషయం ఇద్దరూ కాదనరు. కాలిన కుండ మళ్లీ మట్టిముద్ద కాదు. పాకం జరిగాక వెనక్కి దారి లేదు.

అష్టబంధనంలో ఇలాంటి పాకం పెద్దగా జరగదు. లక్క లక్కగా, మైనం మైనంగా, పత్తి పత్తిగా కలిసి ఉంటాయి. లక్కను కూడా చాలాసేపు బాగా కాగనిస్తే అది తిరిగి కరగని గట్టి పదార్థంగా మారిపోతుంది. రోటి రాపిడి పుట్టించే వేడి దాన్ని అక్కడిదాకా పోనివ్వదు. శాస్త్రం మాటల్లో కచ్చితంగా చెప్పాలంటే ఎపాక్సీతో అంటించినా మూర్తికీ పీఠానికీ మధ్య ఉన్నది సంయోగమే, రెండూ వేర్వేరు ద్రవ్యాలే గనుక. కానీ పనిలోకి దిగితే ఆ సంయోగం సమవాయంలా ప్రవర్తిస్తుంది. ఒకదాన్ని గాయపరచకుండా రెండోదాన్ని వేరు చేయడం దాదాపు అసాధ్యం. యాగశాలలో ముడి విప్పే మంత్రం చదువుతూ, గర్భగుడిలో విప్పలేని ముడి వేస్తే ఆ రెండు పనులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆగమానికి ఎపాక్సీ పొసగదనడంలో నాకు కనిపించే కారణం ఇదే.

దీనికి శ్రీవైష్ణవుల వైపు నుంచి బరువైన ఆక్షేపణ రావొచ్చు. అర్చామూర్తి వట్టి రాయి కాదు, దేవుడు తానై దిగివచ్చిన అవతారం. తిరుమలలో అయితే ఎవరూ ప్రతిష్ఠించని స్వయంవ్యక్త మూర్తి. విడదీయగలిగిన సంబంధం అనడం ఆ భావానికే విరుద్ధం కాదా? రామానుజుల సిద్ధాంతంలో శరీరానికీ ఆత్మకూ ఉన్నది విడదీయరాని సంబంధమే. అయితే అక్కడ ఆధారపడేది శరీరం. ఆత్మ లేనిదే శరీరానికి ఉనికి లేదు, ఆ కట్టు ఆత్మను బంధించదు. దేవుడు తన ఇచ్ఛతో మూర్తిలో ఉన్నాడంటే ఆ మూర్తిని కనిపెట్టుకుని ఉండే బాధ్యత మన మీద పడుతుంది గానీ, ఆయనను కదలకుండా బిగించే హక్కు రాదు. స్వయంవ్యక్తమని నమ్మే తిరుమలలోనే వైఖానస అర్చకులు పన్నెండేళ్లకోసారి కుంభంలోకి ఆవాహన చేస్తున్నారు. ఇక కాణిపాకం వరసిద్ధి వినాయకుడు ఏటేటా పెరుగుతున్నాడని నమ్మకం, వెనకటి కవచం ఇప్పుడు పట్టడం లేదంటారు. పెరిగే దేవుడికి ఏ జిగురు చాలుతుంది!

ఇంకో ఆక్షేపణ లౌకికం. పన్నెండేళ్లకోసారి లక్షల మందికి ఇబ్బంది, ఖర్చు, గొడవ. వందేళ్లు నిలిచే జిగురు వేస్తే ఇవన్నీ తప్పుతాయి కదా. తప్పుతాయి. వాటితోబాటు పీఠం కింద నీరు చేరిందా, రాయి బీటలిచ్చిందా, మూర్తి వాలిందా అని చూసే సందర్భమూ తప్పుతుంది. నిత్యపూజలు జరిగే గర్భగుడిలో పాదాల కింద సందును విప్పి చూసే వీలు ఇంకెప్పుడొస్తుంది? ముద్ద దంచే చేయి, పాళ్లు తెలిసిన కన్ను ఒక తరం నుంచి మరో తరానికి అందాలన్నా పన్నెండేళ్ల విరామం సరిగ్గా సరిపోతుంది. కుర్రవాడిగా రోకలి పట్టినవాడు మూడోసారికి పక్కన నిలబడి చెప్పే పెద్ద అవుతాడు. వందేళ్ల జిగురు వేస్తే వందో ఏట దాన్ని తీయడం తెలిసినవాడు ఎవరూ ఉండరు.

అలాగని ఎపాక్సీని గుడి గడప తొక్కనివ్వకూడదని కాదు. మండప స్తంభం చీలితే, దూలం బీటలిస్తే, విరిగిన ముక్కను స్టీలు కడ్డీతో, ఎపాక్సీతో నిలపడం ప్రపంచమంతా చేస్తున్న పని. 1964 నాటి వెనిస్ ఒడంబడిక కూడా పాత పద్ధతులు చాలనిచోట, పనితీరు రుజువైన కొత్త పద్ధతులు వాడొచ్చంది. కానీ దాని హద్దు తెలియాలి. శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. దాని స్థానంలో కొత్తది లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది. పునాది, నేల, తేమ, అయిదు శతాబ్దాల బరువు కలిసి కదిపిన కట్టడాన్ని పగుళ్లలో జిగురు ఎక్కించి ఆపగలమనుకోవడం భ్రమ. 2014లో కైరో మ్యూజియంలో టుటన్‌ఖామున్ బంగారు ముసుగు గడ్డం ఊడితే హడావుడిగా ఎపాక్సీతో అతికించారు. జిగురు బయటికి కనిపించి లోకమంతా నవ్విపోయింది. మరుసటి ఏడు నిపుణులు ఆ ఎపాక్సీని వెచ్చజేసి, చెక్క పనిముట్లతో వారాల పాటు గీకి తీసి, గడ్డాన్ని తిరిగి అతికించడానికి ఎంచుకున్నది తేనెమైనం. మన అష్టబంధనంలో ఉన్నది కూడా అదే. రేపు ఎవరైనా తీయాల్సి వస్తే తీయగలగాలన్నది వాళ్లు పాటించిన నియమం.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో చిన్న గుళ్లు కడుతున్న, బాగు చేయిస్తున్న కమిటీల పెద్దలకు ఒక విన్నపం. మూర్తిని నిలిపేటప్పుడు మేస్త్రీ తొందరగా అయిపోతుందని సిమెంటో, రెండు ట్యూబుల జిగురో అందుకుంటే ఆపండి. స్థపతినీ అర్చకుణ్ణీ అడిగి అష్టబంధనమే వేయించండి. గోపురం బొమ్మకో స్తంభానికో ఎపాక్సీ తప్పనిసరైతే, అది ఎన్ని డిగ్రీల దగ్గర మెత్తబడుతుందో కంపెనీ కాగితంలో చూపించమనండి. ఆ అంకె మన మే నెల రాతి వేడి కన్నా బాగా పైన లేకపోతే ఆ డబ్బా వెనక్కి పంపండి. తిరుమలలో పన్నెండేళ్ల లెక్క ప్రకారం వచ్చే సంప్రోక్షణ 2030లో.